మొదటి దెబ్బ మండలి కస్టడీలో ఉంది

రాష్ట్ర శ్రవణ సంస్కృతీ వికాస మండలి అనే ఆఫీసు ఒకటుందని విశాఖపట్నంలో ఎవరికీ తెలీదు. అందులో పనిచేసేవాళ్ళకి కూడా మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ సంగతి కాస్త మరుపొచ్చేది. అలాంటి ఆఫీసుకి ఒక వేసవిలో ఉన్నట్టుండి రెగే పట్టుకుంది.

మంత్రిగారు ఏదో దీవికి వెళ్ళారు. అక్కడ చెట్లకింద కూచుని కొబ్బరినీళ్ళు తాగుతుంటే ఎవరో రెగే పాట పెట్టారు. "కొబ్బరిచెట్లు మనకీ ఉన్నాయి, సముద్రం మనకీ ఉంది, ఇదొక్కటీ మనకెందుకు లేదయ్యా?" అన్నారాయన. పక్కనున్నవాళ్ళు నవ్వి ఊరుకుంటే సరిపోయేది. రాసుకున్నారు. ఆయన విమానం దిగేసరికి అది 'తీరప్రాంత విశ్వసంగీత సంవత్సరం' అయి కూచుంది. ఏడాది తిరిగేలోగా మన తీరంలో, మన మనిషి చేత, మన భాషలో ఒక రెగే ఆల్బం రావాలి. విడుదల మంత్రిగారి చేతులమీదుగా.

అలా ఆ అదృష్టం వచ్చి సూరాడ ఎల్లాజీ నెత్తిన పడింది.

ఎల్లాజీ ఫిషింగ్ హార్బర్లో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. కుర్రతనంలో ఒక ఓడ వంటవాడు అతనికి పేరు చెరిగిపోయిన క్యాసెట్ ఒకటి ఇచ్చిపోయాడు. అందులో జమైకా దేశపు రెగే ఉంది. ఎల్లాజీ దాన్ని అరిగేదాకా విన్నాడు. తెగితే అతికించి విన్నాడు. మళ్ళీ తెగాక ఇంక వినడానికేం మిగల్లేదు కాబట్టి సొంతంగా పాటలు కట్టడం మొదలెట్టాడు. హార్బర్లో పెళ్ళయినా, కొత్త బోటు నీళ్ళలోకి దిగినా ఎల్లాజీ పాడాల్సిందే. ఐసు దొరకని బాధ, డీజిలు కోసం తిరుగుళ్ళు, ఇసకలో వలలు ఆరేసుకునే చోట అడ్డంగా లేచిన గోడ, అన్నీ పాటల్లోకి వచ్చేశాయి.

"సంద్రం ఎవుడిది బావూ, గోడ కట్టినోడిదా?
గోడ నడిగితే సెప్పదు, అల నడిగితే ఆగదు."

ఇది పాడితే హార్బర్ మొత్తం భుజాలు ఊపేది. ఆ ఊపు ఎల్లాజీ గొంతులోంచి వచ్చిందనుకుంటే పొరపాటు. అది వెనక డ్రమ్ముల దగ్గర కూచున్న అతని మేనమామ గురన్న చేతిలోంచి వచ్చేది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆయన చెయ్యి పడని చోటి నుంచి వచ్చేది.

మామూలు పాట ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నడుస్తుంటే ఒకటి దగ్గర డ్రమ్మువాడు దబ్బుమని వేస్తాడు. ఈ రెగేలో ఒకటి దగ్గర వెయ్యడు. కర్ర ఎత్తి ఊరుకుంటాడు. మూడు దగ్గర దించుతాడు. అల మీదికెక్కిన బోటు కిందికి జారేముందు కడుపులో ఒకలా అవుతుందే, ఆ ఊరుకున్న చోట పాటకి అలా అవుతుంది. గురన్న ఊరుకున్నట్టు ఊరుకోవడం ఇంకొకడి వల్ల కాదు. "కొట్టడం ఎవుడైనా కొడతాడ్రా. కొట్టకండా వొగ్గీడం నేర్చుకోడానికి నాకు సగం జీవితం అయిపోనాది" అనేవాడాయన.

మండలి వాళ్ళు ఇవేమీ అడగలేదు. జమైకా గాయకుల ఫొటోలు చూసి రాసుకున్న వాళ్ళ మార్గదర్శక సూత్రాల్లో ఒకటే ఉంది: 'రెగే గాయకునికి జటలు ఉండవలెను.' ఎల్లాజీది నున్నటి బట్టతల. ఫైలు కొన్నాళ్ళు అక్కడే ఆగింది. చివరికి డిప్యూటీ డైరెక్టర్ కలిదిండి రామభద్రరాజుగారు కలం తీసి 'జటలు దైవమునకు సమర్పించబడినవి' అని రాసి ముందుకు పంపారు. రాజుగారు మంచివారు. ఏ చిక్కునైనా ఒక వాక్యంతో దాటించేవారు. ఆ వాక్యం అవతల ఏముందో చూసే అలవాటు మాత్రం లేదు.

మండలి స్టూడియోలోనే రికార్డింగు అయింది. ఆల్బం పేరు 'ఎదురు గాలి'. పూర్తయిన పాటల్ని హెడ్‌ఫోన్లో విన్ననాడు ఎల్లాజీ బయటికొచ్చి మెట్లమీద కూచుండిపోయాడు. తన గొంతు తనకే కొత్తగా, ఎవరో పెద్దమనిషి గొంతులా వినిపించింది. ఇంక విడుదలే తరువాయి అనుకున్నాడు.

తరువాయి అది కాదు. శబ్ద సంపూర్ణతా ధ్రువపత్రం. అది వస్తేనే పాటలు బయటికి వెళ్తాయి. రాకపోతే మండలి బీరువాలోనే ఉంటాయి. ఎల్లాజీ సంతకం పెట్టిన ఒప్పందంలో అలాగే ఉంది. ఆ ఒప్పందం కథ కూడా చెప్పుకోవాలి. సొంతంగా రాసే తీరిక లేక మండలి వాళ్ళు ఎక్కడో వీధిదీపాలకి రాసిన పత్రం తెచ్చి, స్తంభం ఉన్నచోట స్థానం, దీపం ఉన్నచోట దెబ్బ అని మార్చారు. 'ఏ స్తంభమునందును దీపము లేకుండ ఉండరాదు' అన్నది 'ఏ స్థానమునందును దెబ్బ లేకుండ ఉండరాదు' అయింది. సంగీతం గురించి ఇంత గట్టి నిబంధన ఇంకెక్కడా లేదని రాజుగారు దాన్ని చూసి మురిసిపోయారు కూడా.

ధ్రువపత్రం ఇచ్చే అధికారి నిడమర్తి హైమావతిగారు తనిఖీకి వచ్చారు. ఎర్ర పెన్సిలు చేతికి ఇంకో వేలులా ఉంటుందావిడకి. రాజుగారి గదిలో ఆల్బం పెట్టారు. ఎల్లాజీ, గురన్న గోడవారగా నిలబడ్డారు. ఆవిడ పెన్సిలుతో బల్లమీద కొడుతూ వింటున్నారు. టక్కున ఆపారు.

"ఒకటి ఎక్కడ?"

"ఏ ఒకటండీ?" అన్నాడు ఎల్లాజీ.

"రెండు వచ్చింది. మూడు వచ్చింది. నాలుగు వచ్చింది. ఒకటి హాజరు కాలేదు. మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేశారు. గోడ పాట. సముద్రం ఎవడిదని ఎల్లాజీ గొంతు చించుకుంటున్నాడు. హైమావతిగారు కాగితం మీద 'పదములు: సంపూర్ణము' అని టిక్కు పెట్టారు. తర్వాత తలెత్తి, "మళ్ళీ రాలేదు. ఇంకో పాట వెయ్యండి. ఇందులోనూ లేదు! ఇది పొరపాటు కాదు రాజుగారూ. అలవాటుగా జరుగుతున్న గైర్హాజరు" అన్నారు.

గురన్న ఆవిణ్ణి జాలిగా చూశాడు. "రాదమ్మా. మనం పొద్దుగూకులా కూకున్నా రాదు. నాను వొగ్గీసినాను దాన్ని."

"అంటే ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకోడమేటి తల్లీ, గొప్పగా సెప్పుకుంతన్నాను."

రాజుగారు గొంతు సవరించుకున్నారు. "చూడండి గురన్నగారూ. ప్రభుత్వ ఆల్బమునందు, ప్రభుత్వ డ్రమ్ము మీద, వాయించవలసిన దెబ్బను బుద్ధిపూర్వకముగా వాయించకపోవుట..."

"అయ్యా, మీ ఆపీసు పదింటికి కదేటి? పదింటికొచ్చినాను. కుర్చీలున్నాయి, మనుసులు నేరు. పదకొండయ్యాక ఒకలొకలు దిగినారు. మరి మీదీ మా లెక్కే కదా? ఒకటి వొగ్గీసి రెండు కాణ్ణించి ఎత్తుకుంతన్నారు."

తలుపు దగ్గర నిలబడ్డ అటెండరుకి ఉన్నట్టుండి దగ్గొచ్చి బయటికి పోయాడు. హైమావతిగారు మాత్రం చెక్కు చెదరలేదు. "అది ఆనవాయితీ. ఇది లోపం. రెంటికీ తేడా ఉంది."

ఆ సాయంత్రానికే ఉత్తర్వు వచ్చింది. లోపించిన మొదటి దెబ్బను ప్రతి వరసలోనూ కంప్యూటర్‌తో పూరించి ఆల్బంను సంపూర్ణం చేయవలెను. మచ్చుకి ఒక పాట అలా చేసి వినిపించారు కూడా. దబ్, రెండు, మూడు, నాలుగు. దబ్, రెండు, మూడు, నాలుగు. బోటు లేదు, అల లేదు. పోలీసు కవాతులో ఎవరో తప్పిపోయి పాట పాడుకుంటున్నట్టుంది. రాజుగారు మాత్రం కాలు కదుపుతూ, "ఇప్పుడు బలం వచ్చింది" అన్నారు.

గురన్న కర్రలు రెండూ ఎల్లాజీ చేతిలో పెట్టాడు.

"ఏటి మావా ఇది?"

"ఒరే, నాను సేతగాక వొగ్గీసినానని ఊరంతా అనుకుంతాది. కంపూటరొచ్చి గురన్న తప్పు దిద్దిందంతారు. అది గానీ బయటికొచ్చిందంటే ఈ పుల్లలింక నాను ముట్టను. నువ్వూ నన్ను పిలవకు."

వెళ్ళిపోయాడు. ఎల్లాజీ కర్రలు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. సరే అంటే ఆల్బం వస్తుంది, అది తనది కాదు, మావ కూడా పోతాడు. కాదంటే పాటలు బీరువాలో ఉంటాయి. విడుదల తారీఖు దగ్గరికొచ్చేసింది. అది దాటితే సంవత్సరం అయిపోతుంది. సంవత్సరం అయిపోయాక రెగే అంటే ఏమిటో మండలిలో ఎవరికీ గుర్తుండదు.

హార్బర్లో వేలంపాట అయిపోయి గట్టు ఖాళీ అయింది. ఎల్లాజీ పెళ్ళాం నూకరత్నం చేపల గంప కడుగుతోంది. మొగుడి మొహం చూసి, "ఏటలగున్నావ్? నీ రెగ్గే గవర్నమెంటోళ్ళు మింగేసినారేటి?" అంది.

ఎల్లాజీ అంతా చెప్పాడు. ఆవిడ గంప బోర్లించి దానిమీద కూచుంది.

"అయితే ఆళ్ళకి కావలసింది ఆ కొట్టని దెబ్బేనా?"

"అదే."

"ఇచ్చీరాదేటి మరి?"

"ఇచ్చేస్తే పాటలో ఎట్టీస్తారే!"

"ఓరి నీ తెలివి తెల్లారా. పాటలో ఎట్టమని ఎందుకిస్తావ్? పట్టుకోమని ఇయ్యి. నా కాటా ఏటైంది? జీపులో దిగినోళ్ళు ఎవులో, ముల్లు తిన్నగా నేదని పట్టుకుపోనారు. గుడ్డ సుట్టినారు, లక్క ఎట్టినారు. ఆనక ముల్లు బాగానే ఉన్నాదని ఆళ్ళే సెప్పినారు. కాటా వొచ్చిందా? సీలు తియ్యడానికి ఎవుడికీ అదికారం నేదంట. ఆపీసోడు లక్కెట్టిన వొస్తువ మళ్ళీ గాలి పీల్చడం నానెక్కడా సూడ్లేదు."

ఎల్లాజీ లేచి మావ ఇంటికి పరిగెత్తాడు. గురన్న ముందు వినిపించుకోలేదు. తర్వాత విన్నాడు. "పాట ఉండదా? వొట్టి ఒకటి మాత్రమేనా?" అని అడిగాడు. "వొట్టి ఒకటే మావా" అన్నాడు ఎల్లాజీ. గురన్న మంచం పట్టె పట్టుకుని దగ్గొచ్చేదాకా నవ్వాడు.

మర్నాడు పదకొండింటికి ఎల్లాజీ చేతులు కట్టుకుని రాజుగారి ముందు నిలబడ్డాడు. హైమావతిగారు కూడా ఉన్నారు.

"తప్పయిపోనాది సార్. ఆ దెబ్బలు ఎక్కడికీ పోలేదు. మా మావ కాడే ఉన్నాయి. కంపూటరు దెబ్బలు ఆళ్ళవీళ్ళవి. మావి మీకు ఒప్పజెప్పీస్తాం. ఒక్కటి కూడా దాచుకోం."

రాజుగారి మొహం విప్పారింది. హైమావతిగారు పెన్సిలు కింద పెట్టారు. తనిఖీలో బయటపడ్డ లోపాన్ని లోపం చేసినవాడే తెచ్చి అప్పగించడం ఆవిడ సర్వీసులో అదే మొదటిసారి. "అధికారికంగా స్వాధీనం చేసుకోవాలి" అన్నారు.

సమావేశ మందిరంలో డ్రమ్ము పెట్టారు. ఇద్దరు సాక్షులు, మైకు, మంచినీళ్ళు. గురన్న తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. ఎల్లాజీ పక్కన కూచుని పాట మనసులో పాడుకుంటూ వేలు కదుపుతున్నాడు. గురన్న ఒక దెబ్బ వేశాడు. ఊరుకున్నాడు. ఇంకోటి వేశాడు. ఊరుకున్నాడు. ఆల్బంలో ఎన్ని చోట్ల మానేశాడో అన్ని చోట్లవీ వరసగా, ఒక్కొక్కటే.

దబ్.

గదిలో అందరూ గంభీరంగా కూచున్నారు.

దబ్.

మూడో పాటకి ఒక సాక్షి తల వాలిపోయింది. నాలుగో పాటలో రాజుగారు గట్టిగా తుమ్మారు.

"ఆగండి" అన్నారు హైమావతిగారు. "ఆ దెబ్బలో తుమ్ము కలిసింది. అది చెల్లదు. శుద్ధమైనది ఇవ్వండి."

"అలగేనమ్మా" అని గురన్న ఇంకోటి వేశాడు. "ఇది తాజాది."

భోజనాల వేళకి ఆపుదామని రాజుగారు అంటే, పాట మధ్యలో ఆపితే దెబ్బల మధ్య దూరం పెరుగుతుందని హైమావతిగారు ఒప్పుకోలేదు. ఆకలితోనే స్వాధీనం పూర్తయింది. మొత్తం దెబ్బల్ని ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, గుడ్డలో చుట్టి, లక్కపెట్టి సీలు వేశారు. ఎల్లాజీ దాన్ని అనుమానంగా చూశాడు.

"ఒక్క సీలేనా మేడమ్?"

"ఏం?"

"ఏం నేదు. మంత్రిగారి ఆల్బం కదా. ఎవుడైనా ఇప్పీసి ఒక దెబ్బ అటో ఇటో సేసినాడనుకోండి. పెద్దోళ్ళు మీరు, మీకు మాటొస్తాది."

హైమావతిగారు అతన్ని మొదటిసారి మనిషిని చూసినట్టు చూశారు. "మీలాంటి బాధ్యత గల కళాకారులు అరుదు" అన్నారు. ఇంకో రెండు సీళ్ళు పడ్డాయి. ఇనప బీరువా ఒకటి తెప్పించి దానికి రెండు తాళంచెవులు ఏర్పాటు చేశారు. ఒకటి రాజుగారి దగ్గర. రెండోది రాజధానిలో ప్రధాన కార్యాలయంలో. రెండూ కలిస్తేనే బీరువా తెరుచుకుంటుంది. ఈ బందోబస్తుకి వెంటనే ఉత్తర్వు రాయమని ఎల్లాజీయే గుర్తుచేశాడు. రాశారు.

మూడోరోజు స్టూడియో నుంచి ఫోను. "సార్, ఆ దెబ్బలు పంపిస్తే పాటల్లో పెట్టేస్తాను." రాజుగారు ఉత్సాహంగా జేబులోంచి తాళంచెవి తీశారు.

"రెండోది?" అన్నారు హైమావతిగారు.

"తెప్పిద్దాం."

"ఉత్తర్వు చదవండి. ఆ తాళంచెవి రాజధాని దాటి రాకూడదు."

"బీరువానే పంపిద్దాం."

"బీరువా విశాఖపట్నం దాటి పోకూడదు. ఆ ఉత్తర్వు మీరే రాశారు."

రాజుగారు తను రాసిన వాక్యం అవతల ఏముందో బహుశా అప్పుడే చూశారు. ధ్రువపత్రం కోసమని వచ్చిన ఎల్లాజీ మూలన నిలబడి కింది పెదవి పళ్ళకింద గట్టిగా పట్టుకున్నాడు. రాజుగారు "పోనీ, ముందనుకున్నట్టు కంప్యూటర్‌తోనే పెట్టించేద్దామండీ" అన్నారు.

ఎల్లాజీ పెదవి వదిలేశాడు. ఇది అతను ఆలోచించుకుని రాలేదు.

హైమావతిగారు కుర్చీలో నిటారుగా కూచున్నారు. "రాజుగారూ! మొదటి దెబ్బలు మండలికి అందాయి. మనం సంతకాలు పెట్టాం. మళ్ళీ కంప్యూటర్‌తో పెడితే ఒక్కొక్క స్థానానికి రెండేసి దెబ్బలు అయినట్టు. లోపమైతే సంజాయిషీ అడుగుతారు. ఆధిక్యమైతే విచారణ వేస్తారు. మీకు రిటైర్మెంటు ఎప్పుడు?"

రాజుగారు తాళంచెవి జేబులో వేసుకున్నారు.

ధ్రువపత్రం ఆ మధ్యాహ్నమే వచ్చింది. 'ఈ ఆల్బమునందు ఏ దెబ్బయు లోపించలేదు. కొన్ని పాటలయందును, తక్కినవి మండలి బీరువాయందును కలవు.' ఆల్బం అట్టమీద కూడా అదే మాట చిన్నక్షరాల్లో వేశారు, మొదటి దెబ్బలు వినదలచినవారు పనివేళల్లో దరఖాస్తు చేసుకోవచ్చునని కలిపి. ఎల్లాజీ కర్రలు పట్టుకుని మావ ఇంటికెళ్ళాడు. గురన్న అట్ట చదివించుకుని విని, కర్రల కోసం చెయ్యి చాపాడు.

విడుదల రోజున సభాభవనం నిండిపోయింది. వెనకంతా హార్బర్ జనం. ముందు వరసలో మంత్రిగారు, ఆయన పక్కన రాజుగారు, హైమావతిగారు, రాజధాని నుంచి దిగిన పెద్దలు. ఎల్లాజీ మైకు ముందుకొచ్చాడు. గురన్న కర్రలెత్తాడు. గోడ పాట మొదలైంది.

మంత్రిగారు కాసేపు విని, పక్కకి వంగారు. "ఏమయ్యా, మొదట్లో ఏదో ఆగినట్టుందే?"

రాజుగారు సగం లేచి నిలబడ్డారు. "అది మాది సార్."

"ఏది?"

"ఇప్పుడు రాలేదు చూశారా, అదిగో, అది. మళ్ళీ... అదిగో, అది సార్. మండలి ఆధీనంలో ఉంది."

"మనదేనా?"

"పూర్తిగా మనదే సార్."

మంత్రిగారికి సంతోషం వేసింది. ఈసారి అది రానిచోటు వచ్చేసరికి హుందాగా తల దించారు. మంత్రిగారు దించాక రాజుగారూ దించారు. రాజుగారు దించాక రాజధాని పెద్దలు దించారు. హైమావతిగారు ఒక్కటీ తప్పిపోకుండా గమనిస్తూ, దానికొకసారి చొప్పున దించారు. పాట సగానికొచ్చేసరికి ముందు వరస వరసంతా ఒక్కలా ఊగుతోంది, సరిగ్గా ఎక్కడ ఊగాలో అక్కడ.

"సంద్రం ఎవుడిది బావూ?" అని పాడాడు ఎల్లాజీ. గురన్న కర్ర గాల్లో ఆగింది. మంత్రిగారు గుండెమీద చెయ్యి వేసుకుని తల దించి, "మనదే, మనదే" అన్నారు. వెనక హార్బర్ జనం విరగబడి నవ్వారు. ముందు వరసవాళ్ళు ఆ నవ్వుని అభినందన అనుకుని ఇంకాస్త కిందికి వంగారు.

పాట చివరికొచ్చింది. ఎల్లాజీ ఆపబోతుంటే వెనకనుంచి గురన్న పళ్ళ సందునుంచి పిలిచాడు. "ఒరే, ఆపీకురా! నాను కొట్టకపోతే గవర్నమెంటు వొంగి దండవెడతంది. మళ్ళీ ఎప్పుడు సూస్తామో."

ఎల్లాజీ మైకు రెండు చేతులతో పట్టుకుని పాట మొదటినుంచి ఎత్తుకున్నాడు.